ఎవరికీ కనపడని చర్చ

డాన్యూబ్ నది ఒడ్డున లోమ్ అనే ఊళ్లో తిహోమిర్‌కు పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. ఆ నదిలో చేపలు పట్టేవాళ్ల కోసం ఇంటర్నెట్‌లో ఒక ఫోరమ్ కూడా అతనే నడిపేవాడు. వాలుగ ఎక్కడ పడుతోంది, ఏ మలుపులో నీళ్లు తీశాయి, బంగారుతీగకు వానపాము మేలా మొక్కజొన్న ముద్ద మేలా, ఇవే అక్కడి కబుర్లు. విదిన్ నుంచి సిలిస్త్రా దాకా నది పొడుగునా ఉన్నవాళ్లు పొద్దున్నే కాఫీ పక్కన పెట్టుకుని దాన్ని తెరిచేవారు.

ఆ మార్చిలో ఓగ్న్యాన్ నదిలో పోయాడు. పడవ దొరికింది గానీ మనిషి దొరకలేదు. ఫోరమ్ పెట్టిన నాటి నుంచీ ఉన్నవాడు, అందరితో పరాచికాలాడేవాడు. అందుకే వారాల తరబడి అందరూ పనులు మానుకుని వెతికారు. వెతికి వెతికి, ఒకరి తర్వాత ఒకరు మళ్లీ ఎవరి బతుకు వాళ్లు చూసుకున్నారు.

అప్పుడు అతని భార్య జ్లాటినా రాయడం మొదలుపెట్టింది. ఆమె బడి వంటశాలలో పనిచేస్తుంది. సొంతంగా ఖాతా తెరవడం తెలియదు. మొగుడు ఇంట్లో వదిలి వెళ్లిన ఫోనులోంచే రాసేది. దాంతో రోజూ ఫోరమ్ తెరవగానే అన్నిటికంటే పైన ఓగ్న్యాన్ పేరు, భుజాన వాలుగ వేసుకుని నవ్వుతున్న అతని ఫోటో, పక్కనే వెలుగుతున్న పచ్చ చుక్క.

"ఒర్యాహొవో ఊరి దిగువకి ఎవరైనా వెళ్లారా? ఒడ్డున చెట్ల వేళ్ల సందుల్లో చూశారా? మా ఆయన ఒంటిమీద చేతుల్లేని పచ్చ కోటు ఉంది. ఎడమ జేబు చిరిగితే వంటింటి పరదాలోంచి నీలం గుడ్డ కత్తిరించి అతుకు వేశాను."

ఎవరైనా చేప ఫోటో పెడితే దాని కిందా అడిగేది. "ఇది ఎక్కడ పట్టారు? అక్కడ నీళ్లలో ఇంకేమైనా కనపడిందా?" అది చదివాక ఆ చేప ఎవరికీ సహించేది కాదు.

మే నెలలో కామెన్ షెడ్డుకు వచ్చాడు. ఇసుక లారీ నడుపుతాడు, ఫోరమ్‌లో పెద్ద నోరు అతనిదే.

"ఒరే తిహో, నాదేం రాతిగుండె కాదు. నా డీజిలు తగలేసుకుని వాడికోసం తిరిగానా లేదా? కానీ పొద్దున్నే తెరిస్తే చచ్చినవాడు ఆన్‌లైన్లో కూర్చుని ఉంటాడ్రా. మా ఆవిడ చేప ముట్టడం మానేసింది. 'అదీ ఆ నీళ్లలోదేగా' అంటుంది."

"అయితే ఆవిణ్ని గెంటెయ్యమంటావా?"

"గెంటెయ్యమని నేనన్నానా? ఆవిడ రాసుకుంటే రాసుకోనీ. నా కంట పడకుండా చెయ్యి చాలు. పామూ చావదు, కర్రా విరగదు."

తిహోమిర్‌కు అది న్యాయంగానే తోచింది. ఆ వారమే 'నాకు వద్దు' అని ఒక బటన్ పెట్టాడు. నొక్కితే ఆ చర్చే కాదు, ఆ మనిషి ఎక్కడేం రాసినా నొక్కినవాడికి కనపడదు. సభ్యులందరికీ విడివిడిగా కబురు పంపాడు. జ్లాటినాకు మాత్రం పంపలేదు. జూన్ దాటేసరికి అందరూ నొక్కేశారు. తిహోమిర్‌కే నొక్కడానికి చెయ్యి రాలేదు. ఆమె రాసింది రోజూ చదివేవాడు, చదివి ఇంజన్ల దగ్గరికి వెళ్లిపోయేవాడు.

ఒకరోజు ఆమె ఓగ్న్యాన్ నంబరు నుంచే ఫోన్ చేసింది.

"తిహో, ఫోరమ్ ఏమన్నా పాడైందా? ఇదివరకు ఎవరో ఒకరు 'చూస్తాంలే వదినా' అని ఒక ముక్క రాసేవాళ్లు."

"ఏం లేదు వదినా. ఎండాకాలం కదా, అందరూ నీళ్లమీదే ఉంటున్నారు."

"నీళ్లమీద ఉంటే మంచిదేలే," అంది ఆమె. "కనపడితే చెప్తారు. ఏదో ఒకటి దొరికితే చాలు తిహో. కోటు దొరికినా పెట్టెలో పెట్టి పాతిపెట్టొచ్చని ఫాదరుగారు అన్నారు. ఊరికే రాయి ఒకటి నిలబెట్టి దాని ముందు ఏడవలేను."

ఆమె వేసవంతా రాసింది. అడగడానికి కొత్తగా ఏమీ లేక చివరికి ఓగ్న్యాన్ నాటిన టమాటాలు పండాయనీ, బడిలో చిక్కుడు చారు మాడిందనీ కూడా రాసింది. ఒక్కడే చదివాడు.

అక్టోబరులో, ఒర్యాహొవోలో ఉండే వెలిచ్కో అనే యువకుడు 'ఇవాళ్టి వేట' అనే చోట ఇలా పెట్టాడు: "అబ్బో వాలుగ అనుకుని చేతులు పడిపోయేలా లాగాను. తీరా చూస్తే చేతుల్లేని కోటు. జేబుకి నీలం అతుకు. ఎవడో నాలాంటి బికారిది. మళ్లీ నీళ్లకే ఇచ్చేశా." దాని కింద కామెన్ రాశాడు: "వేయించుకోకపోయావా, రకియా సారాలోకి బాగుండేది." అందరూ నవ్వారు.

తిహోమిర్ అది చదివి గ్రీజు గుడ్డ పక్కన పడేశాడు. ముందు ఆ మాటలన్నీ ఫోరమ్‌లోంచి తీసేశాడు. తర్వాత వెలిచ్కోకు ఫోన్ చేసి కోటు ఎవరిదో చెప్పాడు.

"నాకేం తెలుసన్నా," అన్నాడు వెలిచ్కో. "నువ్విచ్చిన బటనే కదా నొక్కాను."

జ్లాటినాకు చెప్పాలా వద్దా అని తిహోమిర్ తేల్చుకోకముందే ఆమే షెడ్డుకు వచ్చింది. వంటశాల నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఆమె దగ్గర ఉల్లిపాయ వాసన.

"పొద్దున ఒకటి చదివాను. మళ్లీ తెరిస్తే లేదు. నువ్వు తీశావా?"

"చూశావా వదినా?"

"నేను అన్నీ చదువుతాను. మీ ఎరలూ, మీ వలలూ, మీ పోట్లాటలూ. ఎక్కడో ఒక ముక్క తగలకపోతుందా అని." ఆమె ముక్కాలిపీట మీద కూర్చుంది. "అతుకు సంగతి నేను ఎన్నిసార్లు రాశాను తిహో? ఆ అబ్బాయి చూడలేదా?"

ఇక దాచి లాభం లేదు. బటన్ సంగతి చెప్పాడు.

"ఎంతమంది నొక్కారు?"

"అందరూ."

"నువ్వు?"

"నేను నొక్కలేదు. రోజూ చదువుతూనే ఉన్నా వదినా."

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే అతనికి భరించరానిదైంది.

"వాళ్లకి కనపడలేదు, పలకలేదు," అంది. "నీకు కనపడింది. ఒక్కమాట రాయడానికి ఏమొచ్చింది నాయనా?"

జవాబు కోసం ఆగకుండా, "పడవ తీస్తావా?" అని అడిగింది.

మర్నాడు ముగ్గురూ నదిలోకి వెళ్లారు. వెలిచ్కో టోపీ చేత్తో నలుపుతూ చోటు చూపించాడు. లంకకు దిగువన, నీరు సుడి తిరిగే దగ్గర. ఎగువన వానలు పడి నది ఎర్రగా పొంగి ఉంది. కొక్కేలు కట్టిన తాళ్లు వేసి లాగారు. కొమ్మలు వచ్చాయి, చిరిగిన వల వచ్చింది, లారీ టైరు వచ్చింది.

"అమ్మా, నాదే తప్పు," అన్నాడు వెలిచ్కో.

ఆమె సంచిలోంచి రొట్టె, జున్ను తీసి అతని చేతిలో పెట్టింది. "నీకు తెలీదుగా. తిను, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

మధ్యాహ్నం దాటాక, "చాలు, తిప్పండి," అంది. ఒడ్డు చేరాక ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, గట్టెక్కి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె ఫోరమ్‌లో ఒక్క అక్షరం రాయలేదు. రాసింది వెలిచ్కో. జరిగినదంతా దాచకుండా చెప్పి, దిగువనున్న వాళ్లు కోటు కోసం చూడాలని బతిమాలాడు. మొదటిరోజు నలుగురు 'అయ్యో' అన్నారు. అతను మర్నాడూ రాశాడు, ఆ మర్నాడూ రాశాడు.

కామెన్ ఫోన్ చేశాడు. "బటన్ తీసేస్తున్నావట?"

"అనుకుంటున్నా."

"తీసి చూడు, ఒక్కడూ మిగలడు. ఆవిడ ఊరుకుందిరా అంటే ఇప్పుడు వీడు తగులుకున్నాడు. నేనూ మా వాళ్లూ వీణ్నీ నొక్కేశాం."

తిహోమిర్ బటన్ తీయలేకపోయాడు. వెలిచ్కో రాసిన దాని కింద మాత్రం, "చదివాను. ఆదివారం నేనూ వస్తున్నాను," అని రాశాడు. అప్పటికి మిగతావాళ్లూ అతణ్ని నొక్కేశారు, ఆ మాట వెలిచ్కో తప్ప ఎవరూ చూడలేదు. జ్లాటినాకు చెబుదామని ఫోన్ చేస్తే ఓగ్న్యాన్ నంబరు పనిచేయడం లేదు.

చలికాలానికి పడవలు ఒడ్డుకెక్కించే రోజులు వచ్చేదాకా ఇద్దరూ ఆదివారాలు వెతికారు. కోటు దొరకలేదు.