గోరింటాకు నానిన బూరెల మూకుడు

నేను ఒక ఇనుప మూకుణ్ణి. నల్లటి ఒళ్ళు, రెండు చెవులు, కింద పెడితే కాస్త కుడిపక్కకి ఒరుగుతాను. ఆ ఒరుగుడు నా తప్పు కాదు. ధవళేశ్వరంలో నన్ను సాగగొట్టిన కమ్మరి ఆ పూట ఎవరిమీదో కోపంతో సమ్మెట వేశాడు. కోపం వాడిది, సొట్ట నాది. ఆ సొట్టతోనే అమ్ముడుపోయాను.

నన్ను కొన్నావిడ రాజమండ్రిలో గవర్రాజు తల్లి. ఆవిడ చేతిలో నేను వేయించనిది లేదు. బూరెలు, గారెలు, చేగోడీలు, ఒకటేమిటి! నూనె పట్టీ పట్టీ లోపలంతా నిగనిగలాడేదాన్ని. "దాన్ని తోమకే, గుడ్డతో తుడిస్తే చాలు" అని కోడలు మాణిక్యానికి పదేపదే చెప్పేది. ఆవిడ పోయాక వంటింట్లోకి అడుగంటని మూకుడొకటి దిగింది. తేలికట, సోకట. నన్ను అటకెక్కించారు. నేనేం ఏడవలేదు, ఇనుము ఏడిస్తే తుప్పు పడుతుంది. పైగా అటక మీంచి ఇల్లంతా కనబడేది, కాలక్షేపానికి లోటు లేదు.

గవర్రాజు పట్టుచీరల కొట్లో పనిచేసేవాడు. పరుపు మీద కూర్చుని, చీర మడత విప్పి, పైటకొంగు తన భుజాన వేసుకుని చూపించేవాడు. మీసాలున్న మనిషి భుజాన చీర చూసి ఆడవాళ్ళు మురిసిపోవడమేమిటో నాకు తెలీదు గానీ, మురిసేవారు, కొనేవారు. ఇంటికొచ్చి ఎవరు ఏ అంచు కొన్నారో, ఏ వియ్యపురాలు ఎలా మూతి తిప్పిందో మాణిక్యానికి అభినయించి చెబితేగానీ అన్నానికి లేచేవాడు కాదు.

ఆ కొట్టు షావుకారుకి ఒక పట్టింపుండేది. పరుపు మీద కూర్చునేవాడి తల నెరవకూడదు. "కొత్తచీర పక్కన తెల్లజుట్టేంటయ్యా" అని నెరిసినవాళ్ళని వెనక గోడౌనుకి పంపేసేవాడు, మడతలు పెట్టుకోమని. గోడౌనుకి వెళ్ళినవాడు మళ్ళీ పరుపెక్కింది లేదు. అందుకని గవర్రాజు నల్లరంగు వేసేవాడు. వేసినప్పుడల్లా దురద. మెడ పగిలి రసి కారేది.

"మానెయ్యండీ, మీకు పుణ్యముంటుంది" అని మాణిక్యం మొత్తుకునేది.

"మానేస్తే గోడౌనే. మనుషుల మొహం చూడకుండా, నాలుగు మాటలాడకుండా బతగ్గలనా నేను? దానికంటే దురదే నయం" అనేవాడు.

మాణిక్యం తల అప్పటికే ముగ్గుబుట్ట. దాని సంగతి ఎవరూ పట్టించుకోలేదు, ఆవిడతో సహా.

ఆషాఢంలో ఆవిడ బజారునుంచి ఒక పొట్లం తెచ్చింది. అట్ట మీద పచ్చటి ఆకు బొమ్మ, 'ప్రకృతి ఇచ్చిన నల్ల గోరింట, అరగంటలో నిగనిగ' అని రాత. వెనక చీమతలకాయంత అక్షరాల్లో, ముందు చెవి వెనక రాసి రెండ్రోజులు చూడమని ఉంది. చాలామంది అది చదవరు. మాణిక్యం కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివింది. చదివి, తన చెవి వెనక రాసుకుంది.

నవ్వకండి. స్నానానికి నీళ్ళు తోడితే ముందు తన చెయ్యి ముంచి చూసేది. పాలు తన మణికట్టు మీద చుక్క వేసుకుని చూసేది. కూరలో ఉప్పు తన నాలిక మీదే తేలాలి. పెళ్ళయిన దగ్గర్నించీ ఆ ఇంట్లో ఆయన దాకా వెళ్ళే ప్రతిదీ ముందు ఆవిణ్ణి దాటి వెళ్ళాల్సిందే. "వస్తే గిస్తే నాకే రానీ" అనుకుంది పైకే. రెండ్రోజులు చూసుకుంది, చిన్న దద్దురు కూడా లేదు. సంబరపడిపోయి, శనివారం సాయంత్రం దగ్గరుండి ఆయన తలకి పట్టించింది.

నాలో కొన్ని వేల బూరెలు పొంగాయి. మనిషి మొహం అలా పొంగడం మాత్రం అదే మొదటిసారి చూడ్డం. తెల్లారేసరికి కళ్ళు పూడుకుపోయాయి, పెదాలు దొప్పల్లా అయ్యాయి, ఊపిరి ఈలేసినట్టు వస్తోంది. మాణిక్యం వీధిలోకి పరిగెత్తి ఆటో పిలిచింది. కాలికి చెప్పుల్లేవు. నాకు భయమేసింది, దాచుకోవడమెందుకు.

బతికి బట్టకట్టి ఇంటికొచ్చాడు. డాక్టరమ్మ ఏమందో మాణిక్యం తన వదినకి ఫోన్లో చెబుతుంటే విన్నాను.

"గోరింటాకు అరగంటలో నల్లగా ఎక్కడైనా పండుతుందా అమ్మా, నీ చేతికెప్పుడైనా పండిందా అందొదినా. ఆ నలుపు ఆకుది కాదట, అందులో కలిపిన మందుదట. ఇన్నాళ్ళూ దురద పెట్టిందీ ఆ మందేనట. ఇక జన్మలో ఆయన తలకి తగలకూడదంది. నేను పరీక్ష చేశానండీ, నా చెవి వెనక అన్నాను. ఆవిడ రాసే కలం కింద పెట్టేసింది. ఎవరి తలకి వేస్తే వాళ్ళ చెవి వెనకే పెట్టాలమ్మా, ఆయన ఒంటి సంగతి నీ ఒళ్ళెలా చెబుతుంది అంది." ఫోను ఈ చెవి మీంచి ఆ చెవికి మార్చుకుంది. "ఇన్నేళ్ళూ ఉప్పు చూసి పెట్టాను వదినా. నా చేత్తో నేనే చంపుకునేదాన్ని."

ఆయన నయమై, డాక్టరమ్మ సరేనన్నాక నన్ను అటక దించారు. బూరెలకి కాదు. చింతపండూ ఇసకా పెట్టి మాణిక్యం నన్ను తోమేసింది. నూనె జిడ్డుంటే రంగు పట్టదట. ముసలావిడ ఏళ్ళతరబడి పట్టించిన నిగనిగంతా తూములోకి పోయింది. బాధేసింది. ఆకు తప్ప మరేమీ కలపలేదని ఈసారి నాలుగుసార్లు చదివి తెచ్చిన గోరింట పొడి, ఉసిరి పొడి, టీ డికాషను నాలో పోసి నానబెట్టింది. తెల్లారేసరికి ముద్ద నల్లబడింది. అందులో నా ఇనుము కూడా ఉంది, ఎవరూ చెప్పకపోయినా.

మాణిక్యం వేలితో కాస్త తీసుకుంది. ఆ వేలు అలవాటుగా తన చెవి వైపే వెళ్ళింది. గవర్రాజు చెయ్యి పట్టుకున్నాడు. "నాకు పెట్టవే" అని తల వంచాడు. ఆ రెండ్రోజులూ ఆవిడ ఆయన చెవి చూసినన్నిసార్లు మొహం చూడలేదు. ఏమీ రాలేదు. అప్పుడు కొత్తగా ముద్ద నానబెట్టి తలకి పెట్టింది.

పండింది. నల్లగా కాదు, తుప్పు రంగులో. వానలో వదిలేస్తే నేనుండే రంగు. దాని మీద నీలిఆకు పొడి పెడితే నల్లబడుతుందట గానీ, అదీ ముందు చెవి వెనక చూడాలిగా. మర్నాడు శ్రావణ శుక్రవారం, కొట్లో ఇసకేస్తే రాలని జనం. ఆ తలతోనే వెళ్ళాడు. మాణిక్యం ఆ రోజు అన్నం తినలేదు.

సాయంత్రం వచ్చి, యథాప్రకారం అభినయించి చెప్పాడు.

"'ఏంటయ్యా ఈ వేషం, నడు గోడౌనుకి' అన్నాడే షావుకారు. 'అయ్యగారూ, నల్లరంగేస్తే ప్రాణం పోతుందన్నారు డాక్టరమ్మ. మీరు తెల్లజుట్టొద్దన్నారు. మధ్యలో ఇదొక్కటే మిగిలింది. గోడౌనంటే వెళ్తాను' అన్నాను. ఆయన వింటూ మెడ గోక్కుంటున్నాడు. చొక్కా కాలరు కింద పొట్టు లేస్తోందే! 'ఎన్నాళ్ళనించండీ ఆ దురద?' అన్నాను. చటుక్కున కాలరు పైకి లాక్కున్నాడు. 'కూర్చో, బేరం చూడు' అన్నాడు."

మాణిక్యం చెంగుతో కళ్ళు ఒత్తుకుని, అప్పుడు ఇద్దరికీ వడ్డించింది.

తరవాత నీలిఆకూ పడింది, జుట్టు ముదురు చాయకి తిరిగింది. అది జరిగిన కొన్నాళ్ళకి ఒక ఆదివారం షావుకారు కారు మా గుమ్మం ముందాగింది. మనిషి నల్లకళ్ళద్దాలు తీస్తే రెప్పలు ఉబ్బున్నాయి. డాక్టరు దగ్గరకెళ్ళే వస్తున్నాట్ట, ఆకైతే చూడొచ్చన్నారట. మాణిక్యం నాలోంచి కాస్త ముద్ద తీసి, "చెవి ఇలా తిప్పండి బాబుగారూ" అంది.

షావుకారు వెనక్కి జరిగాడు. "ముందు మా డ్రైవరుకి పెట్టి చూడమ్మా" అన్నాడు.

గవర్రాజు పెళ్ళాం మొహం చూశాడు. మాణిక్యం నవ్వలేదు. "ఎవరి తలకి వాళ్ళ చెవేనండి" అంది. షావుకారు కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని వంగాడు.

ఇక నాలో బూరెలు వేగవు. నోళ్ళకి పుట్టినదాన్ని, తలల పాలయ్యాను. కారు వెళ్ళాక మాణిక్యం నన్ను కడగబోతూ, అడుగున మిగిలింది వేలితో తుడిచి, అటూ ఇటూ చూసి, తన ముగ్గుబుట్ట తల వంచి చెవి వెనక రాసుకుంది. ఇప్పుడెందుకో తెలీదు. అడగడానికి నాకు రెండు చెవులున్నాయి గానీ నోరు లేదు.