వెనక్కి జారిన భుజం

జడ్చర్లలో పల్లికాయ కొనే నాగేందర్ గింజ నలిపి తేమ చెప్పగలడు, ముఖం చూసి మనిషి అవసరం ఎంతో అంచనా కట్టగలడు. కానీ తన ఒంటికి జరిగింది మాత్రం లెక్కకు అందడం లేదు. మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానలో మంచం మీద పడి ఉన్నాడు. కుడిభుజం గూడు తప్పి, చెయ్యి పొట్టకు అతుక్కుపోయింది. పొద్దున వానలో దుకాణం షట్టర్ పట్టుకున్నంత వరకే గుర్తుంది. తర్వాత అంతా ఖాళీ.

"షట్టర్ మీద వైరు తెగి పడ్డది బావా. షాక్ కొట్టింది" అన్నాడు సతీశ్. నాగేందర్ భార్య మంజులతకు తమ్ముడు, దుకాణంలో భాగస్తుడు.

నాగేందర్ వేళ్లు తెరిచి చూసుకున్నాడు. అరచేతిలో పెసరగింజంత మచ్చ. దీనికే భుజం ఊడుతుందా? పిడికెడు సరుకుకు బస్తా ధర చెప్పినట్టుంది.

సతీశ్ చాయ్ తేవడానికి పోగానే హమాలీ యాదయ్య వచ్చాడు.

"సతీశన్న కట్టె లేపిండు సేఠ్. నేను మెయిన్ బందు చేయనీకి ఉరికిన. ఆమీద ఏమైందో చూడలే."

కట్టె! నాగేందర్‌కు లెక్క కుదిరింది. వచ్చే సీజన్‌కు వేరే దుకాణం పెట్టుకుంటానని నిన్ననే సతీశ్ గొడవపడ్డాడు. బావ మంచాన పడితే రైతులంతా ఎవరి వెంట పోతారు?

"నీ తమ్ముడే నా రెక్క ఇరగ్గొట్టిండు" అన్నాడు మంచం పక్కన కూర్చున్న భార్యతో.

"జర సోయిల ఉండి మాట్లాడు. వాడు లేకుంటే ఇయ్యాల నా బొట్టు ఉండేదా?"

"నీకు తమ్ముడు గద. నువ్వు గట్లనే అంటవ్."

దవాఖానలో ఉండే కానిస్టేబుల్ వచ్చి, ఎవరి మీదనన్నా అనుమానముందా అని అడిగాడు.

"ఉన్నది. రాసుకో."

అంతలో డాక్టర్ ప్రణీత ఎక్స్‌రే పట్టుకుని వచ్చింది. కాసేపు ఆగమని కానిస్టేబుల్‌కు సైగ చేసింది.

"నన్ను కట్టెతోని కొట్టిండ్రు మేడం. గీ భుజమే సాక్ష్యం" అన్నాడు నాగేందర్.

"భుజం ఇంకో మాట చెప్తున్నది. దెబ్బ తగిలితే అది ఎక్కువగా ముందుకు జారుతది. మీది వెనక్కి జారింది. కరెంటు పట్టుకుంటే కండలన్నీ ఒక్కసారే బిగుసుకుంటయి. వెనక కండలకు బలమెక్కువ, ఎముకను అటే గుంజుతయి. మీ భుజాన్ని మీ కండలే ఊడగొట్టినయి."

"షాక్ కొడితే చెయ్యి ఇడిచిపెట్టనా? గంత తెలివి లేదా నాకు?"

"తెలివితో పని లేదు. వేళ్లు తెరిచే కండల కన్నా ముడిచే కండలే గట్టివి. మీరు వద్దన్నా చెయ్యి పట్టుకునే ఉంటది."

"మరి మచ్చ గింతే ఉంది?"

"పైన గింతే. లోపల అది పోయిన దారంతా కాలి ఉండొచ్చు. అందుకే గుండెకు మిషన్ పెట్టినం, మూత్రం రంగు చూస్తున్నం. కట్టె దెబ్బంటరా, ఏదీ, ఎక్కడ కమిలింది?"

నాగేందర్ భుజం తడుముకున్నాడు. ఎక్కడా కమల్లేదు. సతీశ్ ఈమెకు ముందే ఏమైనా చెప్పిపెట్టాడా అని ఆమె ముఖంలో వెతికాడు. మాయమాటలతో సరుకు అమ్మేవాళ్ల ముఖం కాదది. కట్టె లేచింది వైరును నూకడానికేనని అప్పటికి తెలిసొచ్చింది. తూకం వేయకుండానే తను మనిషికి ధర కట్టేశాడు.

"అనుమానమన్నరు గద, ఎవరి మీద? పేరు చెప్పండ్రి" అన్నాడు కానిస్టేబుల్.

చాయ్ గ్లాసుతో సతీశ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. మంజులత తలెత్తలేదు.

"ఎవరి మీదా లేదు. మా సతీశ్ కట్టెతోని వైరు నూకి నన్ను బతికిచ్చిండు. గట్ల రాసుకో."

సతీశ్ గ్లాసు మంచం పక్కన పెట్టాడు.

"నా మీదనేనా బావా?"

నాగేందర్ ఎడమచేత్తో గ్లాసు అందుకున్నాడు.

"వేరే దుకాణం ముచ్చట, నువ్వు వద్దన్నవని జర ఆగుదామనుకున్న. ఇగ ఆగ, పెట్టుకుంట."

ఏ ధరనైనా ఒక్క రూపాయన్నా కిందికి లాగనిదే వదలని నాగేందర్, ఈసారి బేరమాడకుండా తలూపాడు.