గంతలు కట్టుకున్న ప్రెసిడెంటు

"కళ్లు మూసుకుని చెప్తాను, ఏది మన పాత జీపో!" అని పళ్ల డాక్టరు గొంతు చించుకున్నాడు. అక్కడే ఇరుక్కుపోయాడు.

పాత జీపుల సంఘానికి ఆయన తొమ్మిదేళ్లుగా ప్రెసిడెంటు. ఆ ఆదివారం పొద్దున సభ్యులంతా మెకానిక్కు షెడ్డులో చేరి, కంపెనీ కొత్తగా దింపిన మోడల్ మీద దుమ్మెత్తిపోస్తున్నారు. గుండ్రటి దీపాలు పీకేసి సన్నటి చీలికలు పెట్టారట. బండి అంచులన్నీ నున్నగా గుండ్రంగా చెక్కేశారట.

"పహిల్వానుకి పట్టు లాగూ తొడిగినట్టుంది" అన్నాడు టైలరు.

సరిగ్గా అప్పుడే ఆ కొత్త జీపే గేటు దాటి వచ్చింది. తోలుతున్నది డాక్టరు మరదలు, భార్యకి సొంత చెల్లెలు. ఆమె ఉద్యోగం షోరూములో. బావని ఏడిపించడం మాత్రం జీతం లేని కొలువు.

డాక్టరు సవాలు విని ఆమె నవ్వింది. "అయితే పరీక్షే పెడదాం బావా! మీ పాత జీపు, ఈ కొత్తది, రెండిట్లో ఏదో ఒకదాంట్లో తిప్పుతాను. ఏదో చెప్పాలి. ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. గాల్లో రాయి వేస్తే ఒప్పుకోను."

"తప్పితే ప్రెసిడెంటు కుర్చీ వదిలేస్తాను!"

"ఇదుగో, నేను సాక్షిని" అన్నాడు టైలరు. ఆ కుర్చీ మీద అతనికి ఎప్పటినుంచో కన్ను.

కళ్లకి గంతలు కట్టారు. చెవుల్లో దూది కుక్కారు. వాసన తెలియకుండా ముక్కుకి బట్టల క్లిప్పు తగిలించారు. చేతులు ఒళ్లోంచి కదిలిస్తే ఓడినట్టేనని చెప్పి, మెకానిక్కు ఆయన్ని బండి ఎక్కించాడు.

షెడ్డు వెనక పాత క్వారీ దారి. అంతా గుంతలే. డాక్టరు ఊపిరి బిగబట్టాడు. ఇరవై రెండేళ్లు జనం నోళ్లలోకి వంగి వంగి ఆయన నడుము ఎప్పుడో దెబ్బతింది. పాత జీపులో మొదటి గుంతకే ప్రాణం పోయేది. "అదీ మజా!" అని పైకి అరిచేవాడు.

మొదటి గుంత వెళ్లిపోయింది. రెండోదీ వెళ్లిపోయింది. మూడో గుంతకి ఆయనకి కునుకు పట్టబోయింది.

కొత్తదే! అనుమానం లేదు. కానీ అసలు చిక్కు ఇప్పుడే వచ్చింది. చెప్పకపోతే కుర్చీ పోతుంది. చెప్తే కారణం చెప్పాలి. కారణం చెప్తే తొమ్మిదేళ్లుగా కోసిన కోతలన్నీ గంగలో కలుస్తాయి.

బండి షెడ్డుకి తిరిగొచ్చింది. దూది, క్లిప్పు తీశారు. గంతలు అలాగే ఉంచారు.

"ఏది బావా?"

"కొత్తది."

గుంపులో కలకలం.

"ఎలా తెలిసింది?"

"అదే... తలుపు చప్పుడు..."

"చెవుల్లో దూది ఉందిగా!"

"కొత్త సీట్ల వాసన..."

"ముక్కుకి క్లిప్పు పెట్టాంగా!"

"గాల్లో రాయేశారు!" టైలరు ఎగిరి గంతేశాడు. "దిగండి సార్, కుర్చీ దిగండి!"

ఆ మాటతో డాక్టరుకి తిక్క రేగింది.

"నడుము నొప్పెట్టలేదయ్యా! చాలా?"

అందరూ పకపకా నవ్వుతారని భయపడుతూ డాక్టరు గంతలు కిందికి లాగాడు. ఒక్కరూ నవ్వడం లేదు. సగం మంది చేతులు వాళ్ల వాళ్ల నడుముల మీదే ఉన్నాయి.

మరదలు నవ్వాపుకోలేక పక్కకి తిరిగింది. "గెలిచారు బావా. కుర్చీ మీదే."

టైలరు మెల్లగా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ప్రెసిడెంటు గారూ, ఒక్క మాట... వెనక సీట్లో కూడా అంతేనంటారా?"