పగిలిన పలక కింద బిందె

గ్లౌజులు వేసుకుని పగిలిన పలకను దింపాలి. గాజు ముక్కలన్నీ ఏరాలి. చూరు కింది మట్టి సంచిలో, నీళ్లు బాటిల్లో పట్టాలి. అక్కడి నీళ్లు ఎవరూ ముట్టకుండా చూడాలి.

బోథ్ ఊరికి పోయే బస్సులో కూర్చుని ఆఫ్రీన్ రాసుకున్న పనులివి. ఆమె పరిశోధన పెరోవ్‌స్కైట్ సోలార్ పలకల మీద. చవకగా తయారవుతాయి గానీ, తేమ తగిలితే పాడవుతాయి. పైగా లోపల కాస్త సీసం ఉంటుంది. అందుకే అంచులకు గట్టి సీలు వేసి, పగిలినా సీసాన్ని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచే పొర ఒకటి అతికించింది. అలాంటి పన్నెండు పలకలను పరీక్షగా బోథ్‌లో ఐలవ్వ అనే రైతు ఇంటి రేకుల మీద పెట్టి ఎనిమిది నెలలైంది. ఎండాకాలాన్ని తట్టుకున్నాయి. మొన్నటి రాళ్ల వానకు ఒకటి పగిలింది.

ఐలవ్వ ఇంటికి చేరగానే, చూరు కింద ఇత్తడి బిందె చూసి ఆఫ్రీన్ ఆగిపోయింది.

"అవ్వా, గీ నీళ్లు దేనికి?"

"పప్పుకు బిడ్డా. బోరు నీళ్లల్ల పొద్దంతా ఉడికినా పలుకే ఉంటది. వాన నీళ్లల్లనైతే వెన్న లెక్కయితది. మొన్న పడ్డయి, నిన్న వండిన."

పలకలు పెట్టేటప్పుడు ఆఫ్రీన్ బావి చూసింది, చేను చూసింది. వాన నీళ్లు ఎటు పోతాయని మాత్రం ఒక్కసారీ అడగలేదు. పలకలో సీసం ఉందని, పగిలితే అది నీళ్లలో కలవొచ్చని ఇప్పుడు దాచకుండా చెప్పింది.

"పలక పగలదని కాయితంల రాసిచ్చినవ్ గదనే!"

"రాసిన అవ్వా. తప్పే."

"రాళ్ల వాన నీ కాయితం సదువుకుని పడ్తదా?" అని, ఐలవ్వ ఆమె ముఖం చూసి మెత్తబడింది. "ఏడ్వకు. ముందుగాల గా నీళ్లు సూపియ్యిపో."

పగిలిన పలకను దింపి, బిందెలో మిగిలిన నీళ్లు పట్టుకుని ఆ సాయంత్రమే ఆఫ్రీన్ కరీంనగర్ బస్సెక్కింది. మర్నాడు నీటి పరీక్షల ల్యాబు బయట బెంచీ మీద మూడు గంటలు కూర్చుంది. చివరికి ల్యాబులో పనిచేసే అతీక్ కాగితంతో బయటికొచ్చాడు.

"ఫికర్ చేయకు అక్కా. తాగే నీళ్లల్ల ఇంత సీసం దాకా ఉండొచ్చన్న దాంట్ల పదో వంతు గూడ లేదు. నీ పొర పట్టుకున్నది."

ఆమె కాగితాన్ని రెండుసార్లు చదివి, అక్కడే ఐలవ్వకు ఫోన్ చేసింది.

"అవ్వా, ఏం గాలే! నీళ్లు మంచిగనే ఉన్నయి."

అటువైపు పెద్ద నిట్టూర్పు. "బతికిచ్చినవ్ తల్లీ. మరి బిందె పెట్టుకోవాల్నా?"

"వద్దవ్వా. పలకలు లేని దిక్కు గొట్టం పెట్టిస్త, అక్కడ పట్టుకో."

"జల్ది పెట్టియ్యి మల్ల. కందులు నానబోసిన."

రెండు రోజుల్లో మొదటిసారి ఆఫ్రీన్‌కు నవ్వొచ్చింది. పలకలు పెట్టే ముందు నింపే ఫారంలో ఇప్పుడు మొదటి ప్రశ్న ఆమె చేర్చిందే. రేపు మీ ఇంటి మీద ఇలాంటి పలక బిగించడానికి వచ్చినవాళ్లు, "మీ వాన నీళ్లు ఎటు పోతాయి?" అని అడిగితే, బోథ్‌లోని ఐలవ్వను ఒకసారి గుర్తు చేసుకోండి.