గట్టి ముక్క, గుల్ల ఎముక

"డాక్టర్లు వచ్చే వేళయింది. ముక్కను కుర్రవాళ్ల ఎముకలో పెట్టి నొక్కి చూపించు, చాలు," అన్నాడు డైరెక్టరు.

"మనం చేస్తున్నది గుల్లబారిన ఎముకల కోసం కదా సార్?" అంది మొండిఘటం. ప్రయోగశాలలో ఆమెకు ఆ పేరు పెట్టింది ఆయనే.

"నీ అనుమానాలు రేపు విందాం. ఇవాళ్టికి నా పరువు తీయకు తల్లీ!"

బల్ల మీద వేలిగోరంత తెల్లటి ముక్క ఉంది. ఒళ్లంతా స్పాంజిలా సన్నటి రంధ్రాలు. ఎముకలో గుంట పడినచోట దాన్ని కూర్చితే, ఆ రంధ్రాల్లోకి కొత్త ఎముక పాకాలి. ముక్క మెల్లగా కరిగిపోవాలి. ముక్క గట్టిదైతే, ఎంత బరువుకు ఆగుతుందో నొక్కి చూసే యంత్రంలో పెద్ద అంకె వస్తుందని ఆయన దాన్ని రాయిలా చేయించాడు. నెలాఖరు నుంచి ఈ డాక్టర్లు దాన్ని రోగులకు పెట్టబోతున్నారు.

ఆ పొద్దున ఇంట్లో నడుముకు పట్టీ బిగించుకుంటూ మొండిఘటాన్ని అత్తగారూ ఇదే అడిగింది.

"ఏమే, నాలాంటిదానికి పెడితే ఆగుతుందా అది?"

"తెలీదత్తయ్యా."

"తెలీకుండానే పెట్టేస్తారా? బాగుందమ్మా మీ చదువు!"

డాక్టర్లు వచ్చి కూర్చున్నారు. మొండిఘటం ఎముకలు దాచే చల్లపెట్టె తెరిచి, ఎవరో ముసలావిడ చనిపోయాక ఆమె వాళ్లు దానమిచ్చిన గుల్ల ఎముకను తీసింది. గుంటలో గట్టి ముక్కను కూర్చి యంత్రం కింద పెట్టింది.

"అది కాదు, పక్కది!" డైరెక్టరు గొంతు తగ్గించి పళ్లు నూరాడు.

"ఇదే సార్," అని అందరికీ వినబడేలా చెప్పి మీట నొక్కింది.

పటుక్కుమంది. ముక్క చెక్కుచెదరలేదు. చుట్టూ ఉన్న ఎముకే బిస్కెట్టులా చిట్లింది.

ఎవరూ మాట్లాడకముందే మరో ముసలి ఎముక పెట్టింది. ఈసారి అందులో తాను చేసిన మెత్తటి ముక్క. యంత్రం దిగింది. ముక్క కాస్త అణిగింది. ఎముక నిలిచింది.

"అంకె సగం కూడా రాలేదు, చూశారా!" అన్నాడు డైరెక్టరు.

"రాలేదు సార్. ఎముక మాత్రం విరగలేదు."

"అయితే నీదే పెట్టమంటావా?" అడిగింది వాళ్లలో పెద్ద డాక్టరమ్మ.

"వద్దండీ. ఒక్క ఎముక ఆగితే సరిపోదు. ఏది ఆగుతుందో తేలేదాకా ఎవరికీ ఏదీ పెట్టొద్దు."

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!" డైరెక్టరు లేచాడు.

"రేపటి సంగతి కదా సార్, ఇవాళ ఉన్నాను," అని ఆమె మళ్లీ చల్లపెట్టె తెరిచింది.

డాక్టరమ్మ కుర్చీ యంత్రం దగ్గరికి జరుపుకుంది. "నెలాఖరున నేను ఎవరికీ కత్తి పెట్టను. నువ్వు కానీయమ్మా."