నేను నేర్పని దెబ్బ

వంజరం చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తుంటే, గడప మీద కూర్చుని మా అత్త ఆదిశేషమ్మ అడిగింది. "మొగోళ్ళ చేతులు ఆడబిడ్డల మీద యాడ పెట్టాలో చెప్పేది గూడా ఒక పనేనామ్మే?"

రోజూ అడిగే మాటే. పెట్టకూడని చోట పెట్టకుండా చూడటమే నా పని అని మొదట్లో చెప్పేదాన్ని. ఇప్పుడు నోరు నొప్పి అని మానేశాను. చేపలు కడిగిన నీళ్ళు పారబోసి, నాటకం జట్టులో పద్నాలుగు మందికీ పులిహోర కలిపి, మా ఆయన శివ పంచె ఇస్త్రీ చేసి, అప్పుడు నెల్లూరు నాటక పోటీలకు బోగోలులో వ్యానెక్కాను. జట్టు ఆయనది, నాయకుడి వేషమూ ఆయనదే. కరపత్రంలో నా పేరు పక్కన "స్పర్శ, కదలికలు, పోరాటాలు" అని వేయించమంటే పడీపడీ నవ్వాడు. "స్పర్శ అంటే జనం ఏమనుకుంటారుమే? సహకారం అని ఏపించినాలే." పులిహోరకూ అదే మాట, నా విద్యకూ అదే మాట. ఆ కాగితం చూస్తేనే నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను బడిలో డ్రిల్లు టీచర్ని. హైదరాబాదులో నెలరోజులు శిక్షణకు వెళ్ళి ఈ పని నేర్చుకున్నాను. స్టేజీ మీద చెంపదెబ్బకు ఒక పద్ధతి ఉంది. కొట్టేవాడి చెయ్యి చెంపకు జానెడు దూరంలో గాలిలో పోవాలి. చప్పుడు చేసేది దెబ్బ తినే మనిషే, జనానికి కనపడకుండా తన అరచేతులు చరిచి. జుట్టు పట్టి ఈడ్చే చోట కూడా మగవాడు ఊరికే చెయ్యి ఆనిస్తాడు, ఎటు కదలాలో ఆ పిల్లే చూసుకుంటుంది. కావిలించుకోవడాలుంటే ఇద్దరినీ ఎదురుబదురుగా నిలబెట్టి, ఎక్కడ ముట్టుకోవచ్చో ఆమె నోటితోనే చెప్పిస్తాను. అది చెప్పిన ప్రతిసారీ మగవాళ్ళు పక్కకు తిరిగి నవ్వుకుంటారు. ఆ నవ్వంటే నాకు అసహ్యం.

కావలిలో బట్టల షాపులో పనిచేసే వెన్నెలకు నాటకమంటే ప్రాణం. తల్లి ధనలక్ష్మి ససేమిరా అంటే నేనే వాళ్ళింటికి వెళ్ళాను. "నీ బిడ్డ మీద దెబ్బ పడదక్కా, నా పూచీ" అన్నాను. ఆ ఒక్క మాట మీద పంపింది. నాటకంలో శివ వెన్నెలను కొట్టే చెంపదెబ్బ ఒక్కటే నలభైసార్లు చేయించాను. శివకు విసుగు. "జడ్జీలు ముందు వరసలో కూచోనుంటారు. గాల్లో కొడితే బహుమతి వస్తాదా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి." జానెడు దూరం అన్నాను మళ్ళీ. "సరే టీచరమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు.

నెల్లూరు పోటీల్లో సాయంత్రం మాది రెండో నాటకం. చెంపదెబ్బ వేళకు నేను తెర వెనకాల స్టేజీకి వీపు పెట్టి, తర్వాతి రంగానికి చీర మడతలకు పిన్నులు పెడుతున్నాను. చప్పుడు వినబడింది. అరచేతులు చరిస్తే గుల్లగా, పొడిగా మోగుతుంది. ఇది అది కాదు. మరుక్షణం హాలంతా ఈలలు, చప్పట్లు.

రంగం పూర్తి చేసుకునే వచ్చింది వెన్నెల. ఎడమ చెంప మీద పౌడరు చెదిరి నాలుగు వేళ్ళూ తేలి ఉన్నాయి. కన్నీళ్ళు తుడుచుకుంటూ, "అక్కా, నేను చప్పుడు చేసేది ఆలస్యం చేసినానా?" అని అడిగింది.

తప్పు తనదేననుకుంది పిచ్చిపిల్ల. నా మీద నాకే రోత పుట్టింది.

వెనకే శివ వచ్చాడు. నోట్లో జర్దా కంపు, ఒంటి మీద చెమట. "హాలు అదిరిపోయింది చూసినావా? ఆ వేడిలో చెయ్యి తగిలిందిలే. ఐసుముక్క పెట్టి సముదాయించుమే." పెట్టాను. ముక్క కరిగిపోయేదాకా ఆ పిల్ల పక్కనే కూర్చున్నాను.

బహుమతుల వేళ జడ్జి పద్మనాభయ్యగారు మైకందుకున్నారు. "ఆ చెంపదెబ్బ! ఇంత సహజంగా నేను ఎప్పుడూ చూడలేదు. అది నేర్పినవారికి ప్రత్యేక బహుమతి."

"మా ఉషేనండీ!" అన్నాడు శివ. నలుగురిలో నా పేరు ఆయన నోటి వెంట రావడం అదే మొదలు. "రామ్మే, సిగ్గెందుకు?"

ఎక్కాను. రెండో వరసలో ధనలక్ష్మి కూతురు బాగా నటించిందని ఇంకా చప్పట్లు కొడుతూనే ఉంది. ఆ చేతులు చూశాక నాకిక ఆగాలనిపించలేదు. శాలువా కప్పబోతుంటే అడ్డుకుని మైకు తీసుకున్నాను.

"ఇది నేను నేర్పిన దెబ్బ కాదండీ. నేను నేర్పిన దెబ్బ ఒంటికి తగలదు. ఈయన ఆ పిల్లను నిజంగానే కొట్టినాడు."

ధనలక్ష్మి లేచి నిలబడింది. శివ పళ్ళికిలించి జడ్జిగారి వైపు తిరిగాడు. "ఆమె తెర ఎనకాల ఉండిందండీ. కంటితో చూడనే లేదు. ఆమెకెట్టా తెలుస్తాది?"

జడ్జిగారు నన్ను చూశారు.

"చూసే పనేముందండీ," అన్నాను. "ఆ చెయ్యి చప్పుడు పదకొండేళ్ళుగా నా చెంప మీద వింటా ఉండాను."