లచ్చయ్య కావడి ముక్క

ఏన్కూరులోని తన ఫోటో స్టూడియోలో పవన్ రోజూ పొద్దున్నే షట్టరు లేపి, దేవుడి పటం ముందు అగరొత్తి వెలిగించి, కుర్చీలో కూర్చుని తన చేతుల్ని తానే తిట్టుకునేవాడు. వెలుతురు సంగతి తెలిసినవాడు. పెళ్లికూతురు ఎప్పుడు కళ్లనీళ్లు పెట్టుకుంటుందో ఆమె కన్నా ముందే పసిగట్టేవాడు. కానీ కెమెరా పట్టుకుని నాలుగడుగులు వేశాడంటే చాలు, బొమ్మంతా ఊగిపోయేది. మొన్న సత్తుపల్లి వైపు పెళ్లి చేసిన బసవపున్నయ్య గారు వీడియో సగం చూసి, సోఫా చెయ్యి పట్టుకుని అడిగారు.

"ఏమబ్బాయ్, మావాడి పెళ్లి మండపంలో చేశామా, పడవలో చేశామా?"

ఆ మాటతో పవన్‌కు పౌరుషం వచ్చింది. షాపులో దొరికే స్టెబిలైజర్ కొనే స్థోమత లేదు కాబట్టి ఇంట్లోనే చేసుకుందామని కూర్చున్నాడు. బోరు వేయగా మిగిలిన పైపు ముక్క, పాత ఫ్యాను బేరింగు, కిరాణా కొట్టువాళ్లు పారేసిన తూకం రాయి, గుప్పెడు నట్లు. పైన కెమెరా, కింద బరువు, మధ్యలో తిరిగే బేరింగు, దాని కింద పిడి. పట్టుకున్న చెయ్యి ఎంత ఊగినా పైన కెమెరా నిలకడగా ఉండాలి. సూత్రం ఇంతే. సూత్రం పవన్‌కు బాగానే అర్థమైంది, కెమెరాకే అర్థం కాలేదు. బరువు పెంచితే గడియారం లోలకంలా ఊగింది. తగ్గిస్తే తల వాల్చేసింది. దాన్ని పట్టుకుని బజారులో అటూ ఇటూ మెల్లగా నడుస్తుంటే పక్క టీకొట్టాయన జాలిపడి, "ఏంది తమ్మీ, పొద్దుగాలనే ఏసినవా?" అన్నాడు.

ఆదివారం దాన్ని సంచిలో వేసుకుని అత్తగారి ఊరు వెళ్లాడు. భార్య కళావతి అక్కడే ఉంది. తొలి కాన్పు తల్లిగారింటి వంతు కాబట్టి ఏడో నెలలోనే తీసుకెళ్లారు. పెళ్లిళ్లంటూ ఊళ్లు తిరిగే పవన్‌కు ఆమెను కనిపెట్టుకుని ఉండడం ఎలాగూ కుదరదు. ఎవరో ఒకరు కనిపెట్టుకునే ఉండాలి మరి. ఖమ్మంలో స్కానింగు చేసిన డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది. కడుపులో బిడ్డ మాయ కిందికి ఉందట. మంచం దిగకూడదు. తొమ్మిదో నెల పడగానే ఆసుపత్రిలో చేరాలి. దారిలో కుదుపు మాత్రం తగలకూడదు, తగిలి రక్తం పోయిందంటే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదమే.

తీసుకెళ్లినప్పుడు ఎండాకాలం. ఎడ్లబండిలో మోకాలెత్తు గడ్డి పరిచి, అడుగులో అడుగు వేయించి చేర్చారు. ఆ తర్వాతే అకాల వానలు పడ్డాయి. రాళ్లవాగు గుంపు అనే ఆ ఊరు తారురోడ్డు దిగి, వాగు దాటి, గుట్ట చుట్టి వెళితే అడవి అంచున ఉంటుంది. వానకు ఆ దారంతా కోసుకుపోయి, గండ్లు పడి, రాళ్లు పైకి తేలాయి. దాని మీద ట్రాక్టరు వెళుతుంటే డ్రైవరు సీటు మీద కన్నా గాల్లోనే ఎక్కువసేపు ఉండేవాడు.

పూర్వమైతే ఇంత బెంగ ఉండేది కాదు. కళావతి తండ్రి లచ్చయ్య దగ్గర ఒక వెదురు కావడి ఉండేది. దానికి వేలాడదీసినదేదీ కదిలేది కాదు. మోసేవాడు తూలినా, జారినా, పరుగెత్తినా దానికి పట్టేది కాదు. పాలల్లో తోడేసి కుండను కావడికి తగిలించుకుని బయలుదేరితే, సంతకు చేరేసరికి పెరుగు గడ్డగా తోడుకునేది. గంపలో గుడ్లు పొదుగుతున్న కోడి వాగు దాటినా లేచేది కాదు. జ్వరాలొచ్చినవాళ్లను, నొప్పులు పడే ఆడవాళ్లను దానికి డోలీ కట్టి మోసుకెళితే దారిలోనే హాయిగా నిద్రపోయేవాళ్లు. బోరింగు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయని చెప్పుకున్నట్టే ఊళ్లో ఈ సంగతీ చెప్పుకునేవాళ్లు, అంతకుమించి ఏమీ లేదు. కిందటేడు వానాకాలం వాగు ఒక్కసారిగా వచ్చి లచ్చయ్యను కొట్టుకుపోయింది. ఆయన చెట్టు వేరు పట్టుకుని బయటపడ్డాడు. కావడి పోయింది. మూరెడు ముక్క మాత్రం చేతిలో మిగిలింది. దాన్ని తెచ్చి ఇంటి చూరులో దోపాడు.

వాకిట్లో తన యంత్రం పట్టుకుని ఊగుతూ నడుస్తున్న అల్లుణ్ణి లచ్చయ్య కాసేపు చూశాడు.

"గిదేంది అల్లుడా?"

"స్టెబిలైజర్ మామా."

"ఫ్రిజ్జు కాడ పెట్టేదా?"

"అది కరెంటుది మామా. ఇది చేతిది. చెయ్యి ఊగినా కెమెరా ఊగొద్దు."

"మరి ఊగుతాందిగా!"

అరుగు మీద మంచంలో పడుకున్న కళావతి నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వి నవ్వి పొట్ట మీద చెయ్యేసుకుంది. "నాయినా, చూరుల ఉన్న కావడి ముక్క ఇయ్యరాదే? ఊకెనే ఉన్నది గదా," అంది.

అల్లుడి పనికొచ్చేదాన్ని ఇన్నాళ్లు చూరులో ఉంచినందుకు లచ్చయ్య నొచ్చుకుని, వెంటనే దులిపి ఇచ్చాడు. పవన్ తన పైపును విప్పేసి, వెదురు ముక్కను నడుమ అమర్చి, కెమెరానూ తూకం రాయినీ దానికే వేలాడదీశాడు. నడిచాడు. గెంతాడు. అత్త ఎర్రమ్మ, "పడతవయ్యా!" అని అరుస్తున్నా వినకుండా గొడ్లపాక చుట్టూ ఉరికాడు. తెరమీద బొమ్మ గోడకు తగిలించిన పటంలా నిలిచింది. ఆ నెల పెళ్లిళ్లలో పవన్ తీసిన వీడియోలు అంతే సాఫుగా వచ్చాయి. బసవపున్నయ్య గారు తమ్ముడి కూతురి పెళ్లికి కబురు పెట్టి మరీ పిలిపించారు.

కళావతికి తొమ్మిదో నెల దగ్గర పడుతోంది. ఆలోగా దారి మీద మొరం పోసి చదును చేయించమని ఊరివాళ్లు మండలాఫీసుకు వెళ్లి అడిగారు. అక్కడి ఇంజనీరు, ఇప్పట్లో రావడం కుదరదని, దారి ఎలా ఉందో వీడియో తీసి పట్టుకురమ్మని అన్నాడు. వీడియో అనగానే అందరూ పవన్ వైపు చూశారు. సొంత అల్లుడు, చేయి తిరిగినవాడు, పైగా ఎవరి కోసమో కాదు, తన పెళ్లాం కోసమే.

పవన్ ప్రాణం పెట్టి తీశాడు. ఊళ్లో ట్రాక్టరున్న గోపాలును తోలమని, తాను ఇంజను పక్కన కూర్చుని, ఒక చేత్తో మడ్‌గార్డు పట్టుకుని, రెండో చేత్తో స్టెబిలైజర్ ఎత్తి, తారురోడ్డు నుంచి ఊరి దాకా ఒక్క బిగిన తీశాడు. ఒళ్లంతా పులిసిపోయింది. సాయంత్రం ఊరంతా చూసి మెచ్చుకుంది. రోజూ ఆ దారిన పోయేవాళ్లు కాబట్టి వాళ్లకు ప్రతి గొయ్యీ కనపడింది. ఇదిగో ఇక్కడే నా నడుం పట్టింది, ఇక్కడే నా గుడ్లు పగిలినయ్ అని చెప్పుకున్నారు.

ఇంజనీరు ఎన్నడూ ఆ దారిన పోలేదు. ఆయన వీడియో మొత్తం శ్రద్ధగా చూశాడు. రెండు వైపులా చెట్లు, పైన మబ్బు, మెత్తగా సాగిపోయే ఎర్రమట్టి బాట. గండ్లన్నీ చెట్ల నీడల్లా జారిపోయాయి.

"బాగానే ఉంది కదయ్యా! నా కారు కూడా పోయేటట్టుంది. దీనికన్నా ఘోరంగా ఉన్న దారులు చాలా ఉన్నాయి నా దగ్గర. ముందు వాటి సంగతి చూసి, తర్వాత మీది చూద్దాం."

పవన్ బల్ల మీదికి వంగాడు. "సార్, అది దారి మంచిగుండి కాదు సార్, మా మామ కావడి మంచిగుండి," అన్నాడు. ఇంజనీరు సరే సరే అని తలూపి, తర్వాత వచ్చినవాళ్ల కాగితాలు అందుకున్నాడు.

కబురు ఊరికి చేరింది. "అల్లుడు ఒక్క రోజుల రోడ్డేసిండు," అని గోపాలు అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పవన్ వెళ్లి మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. ఇంత పనిమంతుడై ఉండి పెళ్లాం దారిని తన చేతులారా మూసేశానని అతనికి ఏడుపొచ్చింది. కళావతి అతని తల మీద చెయ్యి వేసింది కానీ, ఆమెకూ భయంగానే ఉంది.

తొమ్మిదో నెల పడిన రెండో పొద్దున కళావతి చీర మీద ఎర్రటి మరక కనిపించింది. కొంచెమే. కానీ ఎర్రమ్మ ముఖం చూసి అందరికీ అర్థమైంది. 108కు ఫోన్ చేస్తే, తారురోడ్డు దాకానే రాగలమని, అక్కడ సిద్ధంగా ఉంటామని చెప్పారు. మంచం మీద మోసుకెళదామంటే వాగులో రాళ్లు నాచు పట్టి ఉన్నాయి, మోసేవాళ్లలో ఒక్కడు జారినా చాలు. ట్రాక్టరు మాట ఎత్తడానికే ఎవరికీ నోరు రాలేదు.

"జల్దీ ఏదో ఒకటి చెయ్యున్రి," అంది ఎర్రమ్మ.

పవన్ అరుగు మీద ఉన్న స్టెబిలైజర్ వైపు చూశాడు. నిలకడగా ఉండాల్సిందీ, దాని బరువూ, రెండూ కావడి ముక్కకే వేలాడుతున్నాయి. చెయ్యి ఎంత ఊగినా సరే.

"మామా, ట్రాక్టరే చెయ్యి అనుకో. కళావతి కెమెరా," అన్నాడు.

లచ్చయ్య మోకుల కోసం ఇంట్లోకి ఉరికాడు. గోపాలు ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కుకు, గడ్డి తోలేటప్పుడు బిగించే ఎత్తైన ఇనప చట్రం ఉంది. దాని నడుమ ట్రాక్టరు పాత బేరింగు కట్టి, స్టెబిలైజర్‌లోంచి ఊడదీసిన వెదురు ముక్కను దానికి బిగించారు. నులక మంచం నాలుగు కోళ్లకూ మోకులు కట్టి, అన్నిటినీ తెచ్చి ఆ ముక్కకే ముడివేశారు. మంచం కింద రెండు వడ్ల బస్తాలు వేలాడదీశారు. ఫ్యాను బేరింగుతో నానా తంటాలు పడ్డప్పుడు నేర్చుకున్నదంతా పవన్‌కు చేతుల్లోకి వచ్చేసింది. ఎక్కడ బరువు కావాలో, ఎక్కడ వదులు కావాలో ఒక్కసారి కూడా తడుముకోలేదు. అతని చేతులు ఊగలేదు కూడా. ఆ సంగతి అప్పుడు ఎవరూ గమనించలేదు.

కళావతిని నలుగురు ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ట్రాక్టరు కదిలింది.

మొదటి గండిలో దిగగానే ట్రక్కు ఒక పక్కకు ఒరిగింది. లచ్చయ్య వెళ్లి ట్రక్కు పక్క చెక్క మీద పడ్డాడు. ఎర్రమ్మ చట్రాన్ని వాటేసుకుంది. పవన్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మంచం వైపు చూశాడు. మంచం కదల్లేదు. తాగడానికని కళావతి కాళ్ల పక్కన పెట్టిన చెంబులో నీళ్లు కూడా కదల్లేదు.

"ఎట్లుంది?" అని అరిచాడు.

"ఇంట్ల పండుకున్నట్టే ఉంది," అంది కళావతి. "నువ్వు పట్టుకో, పడతవ్!"

ఆమెకు చేయడానికి ఏ పనీ లేదు. చుట్టూ తనవాళ్లు ఎగిరెగిరి పడుతుంటే జాలేసింది, తర్వాత నవ్వొచ్చింది. భయాన్ని మరిచిపోవడానికని ఫోను తీసి, పడుకున్న చోటినుంచే వీడియో తీసింది.

తారురోడ్డు మీద 108 వాళ్లు మంచాన్ని మెల్లగా దించుకున్నారు. రక్తం మళ్లీ కనపడలేదు. ఖమ్మంలో డాక్టరమ్మ అన్నీ పరీక్ష చేసి, మధ్యాహ్నమే ఆపరేషన్ చేసింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. బయట బెంచీ మీద కూర్చున్న ఎర్రమ్మ ఆ మాట విని, కొంగు నోట్లో కుక్కుకుని హాయిగా ఏడ్చింది.

"ఆ దారిలో కుదుపు తగలకుండా ఎట్లా తీసుకొచ్చారు?" అని డాక్టరమ్మ అడిగింది.

"కావడికి కట్టి తెచ్చినం తల్లీ," అన్నాడు లచ్చయ్య, మోచేతికి కట్టు కట్టించుకుంటూ.

"మంచి పని చేశారు," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

వారం తర్వాత పవన్ కళావతి ఫోను పట్టుకుని మళ్లీ ఇంజనీరు దగ్గరికి వెళ్లాడు. వీడియోలో ముందు కళావతి పాదాలు, వాటి పక్కన నీళ్ల చెంబు. రెండూ నిశ్చలంగా ఉన్నాయి. వాటి చుట్టూ ట్రక్కు పిచ్చెత్తిన గేదెలా ఎగురుతోంది. పెద్దాయన ఒకడు ఈ చెక్క మీంచి ఆ చెక్కకు దొర్లుతున్నాడు. పెద్దావిడ చట్రానికి వేలాడుతోంది. డ్రైవరు తల ఒకసారి కనపడుతోంది, ఒకసారి కనపడడం లేదు. ఇంజనీరు చూస్తూ చూస్తూ బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఇది ఆ దారేనా?"

"అవ్ సార్. గదే దారి."

"బాలింతను మళ్లీ ఈ దారినే తీసుకుపోతారా?"

"ఇంకేం దారి లేదు సార్."

ఆయన ఫోను తిరిగిచ్చేసి, వెంటనే ఎవరికో ఫోన్ చేశాడు. కళావతి ఆసుపత్రి నుంచి వచ్చి ఏన్కూరులో ఉన్న రోజుల్లోనే దారికి మొరం పోయడం, చదును చేయడం మొదలైంది. పిల్లకు మూడో నెల వచ్చేసరికి వాగు మీద తూములు కూడా వేశారు.

తల్లీబిడ్డలను ఊరికి తీసుకెళ్లిన రోజున 108 కాదు, మామూలు ఆటో వచ్చింది. ఇంటి ముందు దాకా వచ్చింది. కొత్త దారి మీద ఆటో రావడం పవన్ వీడియో తీశాడు. వెదురు ముక్క ఇప్పుడు కెమెరాకు లేదు. అది లచ్చయ్య ఇంటి దూలానికి చేరింది, దానికి పిల్ల ఉయ్యాల కట్టారు. ఎవరెంత ఊపినా ఆ ఉయ్యాల ఊగదు, పిల్ల మాత్రం హాయిగా నిద్రపోతుంది. అందుకని పవన్ ఉత్త చేతులతోనే తీశాడు.

సాయంత్రం ఊరివాళ్లు ఆ వీడియో చూశారు. ఆటో, చెట్లు, కళావతి చేతిలో పిల్ల, అన్నీ ఊగిపోతున్నాయి. లచ్చయ్య కంగారుపడ్డాడు.

"ఏంది అల్లుడా, రోడ్డు అప్పుడే ఖరాబైందా?"

"రోడ్డు మంచిగనే ఉంది మామా," అన్నాడు పవన్, కళ్లు తుడుచుకుంటూ. "నా చెయ్యే ఆగలేదు."